పరిధి కాదట!

గాజాలో కాల్పుల విరమణ కోరుతూ అమెరికాలోని షికాగో నగర మండలి 2024 జనవరి 31న తీర్మానం చేసింది. అటు 23, ఇటు 23 వచ్చి ఆగిపోతే, మేయర్ బ్రాండన్ జాన్సన్ తన ఓటు వేసి గట్టెక్కించారు. ఈ వార్త మీద మన దగ్గర వినిపిస్తున్న వెటకారం చూస్తే ఒళ్లు మండుతోంది. గాజా గొడవ షికాగో మేయర్‌కెందుకట, ముందు ఊళ్లో చెత్త ఎత్తించుకోమనండి అట. నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్లో టీ తాగుతూ ఎవరో నలుగురు నవ్వుకుంటే పోనీలే అనుకోవచ్చు. పదవుల్లో ఉన్నవాళ్లు, దిగిపోయినవాళ్లు, రేపు టికెట్ అడగబోయేవాళ్లు కూడా అదే పాట పాడుతున్నారు. యుద్ధం మునిసిపాలిటీ పరిధి కాదు కదా అని.

నిజమే, విదేశాంగ విధానం నగరపాలక సంస్థల చేతుల్లో ఉండదు. ఆ తీర్మానంతో ఒక్క బాంబు కూడా ఆగదు. ఆ వాదనలో ఇంతకు మించి సరుకు లేదు.

అసలు ఆ సభలో ఏం జరిగిందో చూడండి. 50 మంది సభ్యుల్లో దాదాపు అందరూ డెమోక్రాట్లే. ఇజ్రాయెల్‌కు ఆయుధాలిచ్చిన అప్పటి అధ్యక్షుడు బైడెన్ కూడా డెమోక్రాటే. 2024 ఆగస్టులో ఆ పార్టీ జాతీయ సదస్సు జరిగిందీ అదే ఊళ్లో. అయినా సొంత అధ్యక్షుడికి ఇబ్బందని తెలిసే సగం మంది చేతులెత్తారు, సగం మంది కాదన్నారు. అరుపులు, కేకలు పెరిగి ప్రేక్షకులను బయటకు పంపాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో హమాస్ దాడిని ఖండించిందీ ఈ మండలే. 2003 జనవరిలో ఇరాక్ మీద యుద్ధం వద్దని 46–1తో తీర్మానించిందీ ఇదే. అప్పటి అధ్యక్షుడు బుష్ వినలేదు. ఆయన వెతకబోయిన మారణాయుధాలూ దొరకలేదు.

ఇక మన సంగతి. నెల్లూరు నగరపాలక సంస్థలో 2021 నవంబరు ఎన్నికల్లో 54 డివిజన్లకు 54 ఒకే పార్టీ గెలిచింది. తర్వాత చీలికలు వచ్చాయి గానీ, అవి నాయకుల వెంట నడిచిన చీలికలే. ఒక విషయం మీద అభిప్రాయాలు కలవక వచ్చినవి కావు. ఇలాంటి సభలకు పరిధి ఎప్పుడు గుర్తొస్తుంది? ముఖ్యమంత్రికి ధన్యవాదాలు చెప్పాలన్నప్పుడు గుర్తురాదు. 2021 మేలో విశాఖ ఉక్కును ప్రైవేటుకు ఇవ్వొద్దని మన శాసనసభ తీర్మానించింది. ఆ ఫ్యాక్టరీ కేంద్రానిది, శాసనసభ పరిధిలోది కాదు. అప్పుడు ఎవరూ నవ్వలేదే! నవ్వకపోవడమే సబబు. మరి షికాగోను చూసి ఎందుకు నవ్వుతున్నారు? పైనున్న నాయకుడికి నచ్చేదయితే పరిధిలోది, ఇబ్బంది పెట్టేదయితే పరిధి దాటింది. అంతేగా లెక్క?

పోనీ, యుద్ధం మన గడప తొక్కదా? ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తిన 2022లో పొద్దుతిరుగుడు నూనె ధర చూసి గుండె గుభేలుమనని ఇల్లు లేదు. చదువు మధ్యలో వదిలేసి వచ్చిన మెడిసిన్ పిల్లల తల్లిదండ్రుల టెన్షన్ వాళ్లకే తెలుసు. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద పడ్డారు. సూయెజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లే ఓడకు పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు అదనం. కంటైనర్ కిరాయి పెరుగుతుంది. మన రొయ్యకు అప్పట్లో అతిపెద్ద గిరాకీ అమెరికాదే. పెరిగిన కిరాయిని ఎగుమతిదారు తన జేబులోంచి కడతాడా? కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఇంత అని చెరువు గట్టు మీదే రేటు కోస్తాడు. ఇందుకూరుపేటలోనో విడవలూరులోనో మేతకు అప్పు తెచ్చి ఏరేటర్లు తిప్పే రైతుకు వెళ్లి చెప్పండి, ఇది మన పరిధిలోని యుద్ధం కాదని.

ఇంకో విచిత్రం. షికాగో అడిగిన కాల్పుల విరమణకే 2023 డిసెంబరు 12న ఐక్యరాజ్య సమితిలో మన దేశం కూడా ఓటేసింది. అక్టోబరులో తటస్థంగా ఉండి, తర్వాత మనసు మార్చుకుంది. కాబట్టి నెల్లూరు కౌన్సిల్ ఆ మాటే అంటే ఢిల్లీకి ఎదురు చెప్పినట్టు కూడా కాదు. పోయేదేమీ లేదు. అయినా నోరు పెగలదు. 2024 జనవరి చివరికే గాజాలో చనిపోయినవారు 26 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది.

ముందు చెత్త సంగతి చూడమంటున్నారు కదా, చూద్దాం. మన రాష్ట్రంలో పారిశుద్ధ్య కార్మికులు 2023 డిసెంబరు 26 నుంచి రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. వాళ్ల జీతాల మీద, పర్మినెంట్ కావాలన్న కోరిక మీద మన పాలకవర్గాలు ఏం తీర్మానించాయో ఎవరికైనా గుర్తుందా? అది కచ్చితంగా మునిసిపాలిటీ పరిధే. యుద్ధం దూరమన్న నోళ్లు ఇంటి ముందు చెత్త దగ్గర ఎందుకు మూతపడ్డాయి?

వియత్నాం యుద్ధకాలంలో కలకత్తాలో అమెరికా కాన్సులేట్ ఉన్న హారింగ్టన్ వీధికి, అమెరికాతో పోరాడిన వియత్నాం నాయకుడి పేరు మీద హోచిమిన్ సరణి అని పేరు మార్చారు. ఆ కాన్సులేట్ చిరునామా ఇవాళ్టికీ అదే. అంత దూరం ఎందుకు, సారా వద్దని ఆడవాళ్లు ఉద్యమం లేపిన మన జిల్లా దూబగుంట ఉంది. సారా వేలంపాటలు ప్రభుత్వ ఖజానా వ్యవహారం, ఆడవాళ్ల పరిధి కాదు అని 1992లో వాళ్లు ఇళ్లలో కూర్చుని ఉంటే, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదా? ఆ గడ్డ మీద పుట్టి పరిధుల గురించి మాట్లాడటానికి సిగ్గుండాలి.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ వచ్చే కౌన్సిల్ సమావేశంలో గాజా కాల్పుల విరమణ తీర్మానం పెట్టండి. పేరు పేరునా పిలిచి ఓటు అడగండి. వద్దనేవారు లేచి నిలబడి వద్దని చెప్పి, కారణం మినిట్స్‌లో (సమావేశ నమోదులో) రాయించాలి. అదీ అచ్చు వేస్తాం. అజెండా కాగితం విప్పకుండానే బల్లలు చరిచి లేచిపోయే సభకు గాజా గురించే కాదు, నెల్లూరు జాఫర్ సాహెబ్ కాలువలో పూడిక గురించి మాట్లాడే అర్హత కూడా లేదు.