ఒక్క ‘ఆర్’ తేడా

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి. జేబులో ఎర్ర పెన్ను లేకపోతే చొక్కా వేసుకున్నట్టే ఉండదు. ఆ పెన్ను డాలస్‌లో మా అమ్మాయి ఇంటిదాకా వచ్చింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఆఫీసుకు వెళుతూ అమ్మాయి ఫ్రిజ్ తలుపుకు ఒక చీటీ అంటించింది. పచ్చడికి వంకాయలు రెండూ ‘బ్రాయిల్’ చేసి ఉంచమని. ‘బాయిల్’లోకి ఆర్ అక్షరం ఎక్కడినుంచి వచ్చింది? చదువుకున్న పిల్లలకే స్పెల్లింగులు రాకపోతే ఎలా అని నిట్టూర్చి, దాన్ని ఎర్రగా కొట్టేశాను. పక్కన సున్నా కూడా చుట్టాను.

“పచ్చడికి కాల్చాలి గానీ ఉడికించడం ఏమిటండీ?” అంది మా ఆవిడ.

“అమెరికా పద్ధతి” అన్నాను.

అక్కడి వంకాయ ఒక్కొక్కటి అరకిలో ఉంటుంది. పైగా నీళ్లలో మునగదు. గరిటెతో ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తుంది, పుష్కరాల్లో మునక వేయనని మొండికేసిన పిల్లవాడిలా. అరగంట కుస్తీ పట్టాక నిగనిగలాడే తొక్క బూడిదరంగుకు తిరిగింది. చేత్తో పట్టుకుంటే తడిసిన స్పాంజీలా నీరు కారింది.

సాయంత్రం అమ్మాయి వచ్చి గిన్నెలోకి చూసింది, తర్వాత చీటీ వైపు చూసింది. “నాన్నా, అది తప్పు కాదు” అని ఓవెన్ తలుపు తెరిచి, మీట తిప్పింది. పైకప్పున ఉన్న తీగ ఎర్రగా కణకణలాడింది. పైనుంచి సెగ తగిలించి కాల్చడమే బ్రాయిల్. బ్రిటిష్ వాళ్లు దీన్నే గ్రిల్ అంటారు. అమెరికాలో గ్రిల్ అంటే కిందనుంచి మంట. మనం నేర్చుకున్నది బ్రిటిష్ వాళ్ల ఇంగ్లీషు కాబట్టి ఈ మాట నా కంట పడలేదని సర్దిచెప్పుకోబోయాను. ఇంతలో బ్రాయిలర్ కోడి గుర్తొచ్చింది. బ్రాయిల్ చేయడానికి పనికొచ్చే లేత కోడి కాబట్టే దానికి ఆ పేరట. ఇన్నేళ్లుగా ఆదివారం ఆదివారం కొని తెస్తున్నాను. తెచ్చిన ప్రతిసారీ ఉడికించుకునే తిన్నాం!

మనకు కాల్చడం ఒక్కటే. మంట పైనుందా, కిందుందా అని ఎవరూ ఆరా తీయరు. మగ్గబెట్టడానికీ ఇగరబెట్టడానికీ తేడా ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం నేను ఇప్పటికీ చేతులు తిప్పుతూ నిలబడతాను.

మా ఆవిడ వంకాయల నీరు పిండేసి, పచ్చిమిరపకాయలు, చింతపండు కలిపి నూరి, ఇంగువ పోపు పెట్టింది. కాలిన వాసన లేని లోటు ఆ ఇంగువ కూడా తీర్చలేకపోయింది. అందరూ మర్యాదగా తిన్నారు.

రాత్రి మంచినీళ్లకని లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. నేను కొట్టేసిన ఆర్ మీద పచ్చ స్కెచ్ పెన్నుతో మళ్లీ ఆర్ రాసి ఉంది. నా సున్నా కింద మనవరాలి చేతిరాతలో నాకు మార్కులు: పదికి ఒకటి.

పొద్దున్న ఆ ఒక్కటి దేనికని అడిగాను.

“నీళ్లు బాగానే మరిగించావు కదా, తాతయ్యా” అంది.