అభిప్రాయాలకూ ఒక ఎల్‌ఆర్‌ఎస్ కావాలి

ఫ్లైఓవర్ ఎక్కడ దిగాలి, పేదల ఇళ్లు ఎంత దూరంలో కట్టాలి అన్న విషయాల్లో అక్కడ ఉండేవాళ్లను కూడా ఒక మాట అడగాలని హైదరాబాద్‌లో కొందరు పట్టుబడుతున్నారు. చాలా ప్రమాదకరమైన ఆలోచన. అడిగితే చెప్తారు. చెప్తే రాసుకోవాలి. రాసుకున్నాక ఎవరో ఒకరు చదవాలి. ఇంత పనికి సిబ్బంది ఎక్కడున్నారు?

అసలు జనాన్ని అడగడం లేదన్నదే అపవాదు. మూడు లక్షలూ ఆపైన జనాభా ఉన్న పురపాలికల్లో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ఉండాలంది కాబట్టి ఉన్నాయనే అనుకోవాలి. మీ కమిటీలో ఎవరున్నారో మీకు తెలియకపోతే అది కమిటీ తప్పా? 2020 డిసెంబరులో 150 డివిజన్లకు ఎన్నికలు పెడితే సగం మందికి పైగా ఓటే వేయలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. లెక్క సరిపోయింది.

ఇక అభ్యంతరాల ప్రకటన. ఒక స్థలాన్ని నివాస జోన్ నుంచి కమర్షియల్‌కు మార్చాలంటే పేపర్లో వేస్తారు. టెండరు నోటీసుకీ పేరు మార్పు ప్రకటనకీ మధ్య, భూతద్దం పెడితే కనిపిస్తుంది. సర్వే నంబరు, దానికో బై, ఆ బైకి ఒక పార్టు. తూర్పున ఎవరిదో పట్టా, దక్షిణాన ప్రతిపాదిత అరవై అడుగుల రోడ్డు. అది మీ వంటింటి గోడ పక్క ఖాళీ స్థలమేనని మాత్రం ఎక్కడా ఉండదు. ఉండకూడదు కూడా, ఊరికే టెన్షన్ పడతారు. గడువులోగా ఎవరూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే కాలనీ మొత్తం సంతోషంగా ఉన్నట్టే.

మూసీ ఒడ్డున 2024లో ఇంకా సులువైన పద్ధతి పాటించారు. గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నది గర్భం) అని రాసి వెళ్లారు. పేపర్ కొనే ఖర్చు కూడా లేదు. ఏళ్ల తరబడి కరెంటు బిల్లు, ఇంటి పన్ను కడుతున్న ఇల్లు నది గర్భంలో ఉందని అప్పటిదాకా కొందరికి తెలియనే తెలియదు, పాపం. సమాచార హక్కంటే ఇదే.

పైగా జనాన్ని అడిగితే ఏం చెప్తారో కాలనీ సంఘం మీటింగుకి వెళ్లి చూడండి. మెట్రో కావాలి, స్టేషన్ మెట్లు మా గేటు ముందు వద్దు. మురుగు శుద్ధి కేంద్రం కావాలి, మా చెరువు దగ్గర కాదు. పేదలకు ఇళ్లు ఇవ్వాల్సిందే, కాకపోతే ఊరవతల కొల్లూరులో గాలి ఎంత బాగుంటుందో! అక్కడ 2023లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు కూడా. అంత దూరం నుంచి పనమ్మాయి పొద్దున ఆరింటికల్లా మన గిన్నెలు తోమడానికి ఎలా వస్తుందన్నది ఆర్టీసీ చూసుకోవాల్సిన సంగతి.

కాబట్టి పరిష్కారం మన ఊరి ఆచారంలోనే వెతకాలి. అనుమతి లేని లేఅవుట్ వేశాక ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. పై అంతస్తు లేపేశాక బీఆర్‌ఎస్ వస్తుంది (పార్టీ కాదు, భవనాలది). 2020లో ఎల్‌ఆర్‌ఎస్ కోసం ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి రాష్ట్రమంతటా పాతిక లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. 2025లో పాతిక శాతం రాయితీ కూడా ఇచ్చారు. ప్లాటుకు ఉన్న గౌరవం అభిప్రాయానికి ఎందుకుండకూడదు?

అందుకే ‘అభిప్రాయాల క్రమబద్ధీకరణ పథకం’ తేవాలి. ముందు ఫ్లైఓవర్ కట్టేస్తారు. తర్వాత మీరు మీసేవలో వెయ్యి కట్టి మీ అభిప్రాయాన్ని క్రమబద్ధం చేయించుకోవచ్చు. ఫ్లైఓవర్ మీ పడకగదికి పది అడుగుల లోపు ఉంటే అపరాధ రుసుము అదనం, కిటికీ అక్కడ పెట్టుకున్నది మీరే కదా. పెళ్లయ్యాక పెళ్లిచూపులా అని వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి, నచ్చలేదనే బెడదైనా ఉండదు.

75 గజాల లోపు ఇంటికి 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతిలో రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే సరిపోయినట్టు, అనుకూల అభిప్రాయానికి కూడా రూపాయి చాలు. వ్యతిరేక అభిప్రాయానికి మాత్రం నీటిపారుదల, రెవెన్యూ, అగ్నిమాపక శాఖల ఎన్‌ఓసీలు, నాలుగు సెట్ల జిరాక్సులు, గెజిటెడ్ సంతకం కావాలి.

ఈ పథకం మీద కూడా అభ్యంతరాలు ఉండొచ్చు. నిరభ్యంతరంగా చెప్పండి, అమలు పూర్తయ్యాక. మార్చి 31లోగా చెప్తే పాతిక శాతం రాయితీ. ఆ గడువు ఎలాగూ పొడిగిస్తారు.