పరాయివాళ్ళకి మాస్కు, మనవాళ్ళకి ముక్కు

ఈ మధ్య నలుగురు కూర్చున్న చోట కరోనా మాట వస్తే చాలు, ఒకాయన తప్పకుండా అందుకుంటున్నాడు. "ఆ మాస్కులూ దూరాలూ అన్నీ ఉత్త డ్రామా అండీ, పెట్టుకున్నోడికీ వచ్చింది, పెట్టుకోనోడికీ వచ్చింది." మిగతావాళ్ళు తలలూపుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనే పెద్దమనిషి మాస్కు ఎక్కడ పెట్టుకున్నాడో, ఎక్కడ తీశాడో కళ్ళారా చూసినవాణ్ణి కదా. గాలి ధారాళంగా ఆడే రోడ్డు మీద, అందునా పోలీసు కనపడితే పెట్టుకున్నాడు. తలుపులేసిన ఏసీ హాల్లో చుట్టాల మధ్య కూర్చోగానే తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడొచ్చి పనిచేయలేదంటున్నాడు. జేబుకైతే బాగానే పనిచేసి ఉంటుంది, జేబుకి కరోనా రాలేదుగా.

అమెరికాలో దీని మీద పెద్ద గొడవలే అయ్యాయి, నా ముఖం నా ఇష్టం అని జనం రోడ్లెక్కారు. వాళ్ళతో నేను ఏకీభవించను కానీ వాళ్ళేమంటున్నారో అర్థమైంది. మన దగ్గర అదీ లేదు. మాస్కు వద్దని ఎవరూ అనలేదు. "పెట్టుకోవాలండీ, తప్పదు, మన జాగ్రత్తలో మనం ఉండాలి" అని అందరూ చెప్పారు, మాస్కు గడ్డం కింద వేలాడుతుండగా చెప్పారు. కాదన్నవాడితో వాదన పెట్టుకోవచ్చు. అవునవునంటూ చేయనివాడితో ఏం వాదిస్తాం?

పోనీ మనకి భయం లేదా అంటే, 2020 మార్చిలో చూశాం కదా ఎంత భయమో. 22న కంచాలు మోగించి, 25 నుంచి లాక్‌డౌన్ అనేసరికి ఊళ్ళకి ఊళ్ళు పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డంగా కొట్టేసుకున్నాయి. హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చేయించారు, పిల్లలు పోలీసు పాసులు పట్టుకుని ఊళ్ళకి బయల్దేరారు, తీరా వెళ్తే జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో రానివ్వలేదు, గంటల తరబడి ఒకరి మీద ఒకరు పడుతూ అక్కడే నిలబడ్డారు. అద్దెకున్న నర్సుల్ని, డాక్టర్లని ఇళ్ళు ఖాళీ చేయమన్న ఓనర్లున్నారు. పనిమనిషి లిఫ్టు ఎక్కకూడదని అపార్టుమెంటు గ్రూపుల్లో తీర్మానాలు చేశారు. నెల్లూరుకి చెందిన ఒక డాక్టరు ఏప్రిల్‌లో చెన్నైలో కరోనాతో పోతే, దహనానికి తీసుకెళ్ళిన చోట అక్కడివాళ్ళు అడ్డుపడ్డారు. కాబట్టి దూరం పాటించడం మనకి చేతకాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఎవర్ని దూరం పెట్టాలో మనకి తరతరాలుగా తెలుసు. కూరగాయల బండివాడు, పనిమనిషి, పట్నం నుంచి దిగినవాడు, ఆస్పత్రిలో పనిచేసేవాడు. వీళ్ళ దగ్గర మాస్కు, శానిటైజరు, ఆరడుగులు అన్నీ గుర్తొచ్చాయి. బావమరిది గుమ్మంలోకి రాగానే అన్నీ మర్చిపోయాం.

నా బాధంతా ఇదే. వైరస్ ముళ్ళకంప దాటి నడిచి రాలేదు. మనం ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నామో వాళ్ళ నుంచే వచ్చింది.

దూరం ఎలా పాటించామో చెప్పాలంటే రేషన్ షాపు ముందు గీసిన సున్నం గుండ్రాలు చాలు. మా ఊళ్ళో డీలరు పాపం కొలిచి మరీ గీయించాడు. తెల్లారేసరికి ఒక్కో గుండ్రంలో ఒక్కో సంచి, కొన్నింట్లో చెప్పుల జత, ఒకదాంట్లో ఇటుకరాయి కూడా. మనుషులేరీ అంటే ఎదురుగా వేపచెట్టు కింద, అరుగు మీద భుజాలు రాసుకుంటూ కూర్చుని, కరోనా వచ్చిందని ఎవరింటి ముందు ఎర్ర రిబ్బను కట్టారో మాట్లాడుకుంటున్నారు. సంచులు మాత్రం ఆరడుగుల దూరం తు.చ. తప్పకుండా పాటించాయి. ఇంకోటి కూడా చూశాను, బ్యాంకు గేటు దగ్గర. మాస్కు లేకపోతే సెక్యూరిటీ అతను లోపలికి పంపడు. లోపల పని చూసుకుని బయటికొచ్చినాయన తన మాస్కు తీసి, బయట నిలబడ్డ ఫ్రెండు చేతిలో పెట్టాడు. అతను అది తగిలించుకుని లోపలికి వెళ్ళాడు. సెక్యూరిటీ అతను చూస్తూనే ఉన్నాడు, ఏమీ అనలేదు. రూల్ ప్రకారం ముఖానికి మాస్కుంది కదా మరి.

జనాన్నే ఎందుకంటావు, పైన ఉన్నవాళ్ళు ఏం చేశారు అంటారు. నిజమే, అక్కడికీ వద్దాం. మొదట్లో ఇద్దరు ముఖ్యమంత్రులూ పారాసిటమాల్ వేసుకుంటే చాలన్న కబుర్లే చెప్పారు. లాక్‌డౌన్ ఇంకా నడుస్తుండగానే 2020 మే 4న ఆంధ్రాలో, 6న తెలంగాణలో వైన్ షాపులు తెరిచారు. ఆంధ్రాలో ధర 75 శాతం దాకా పెంచినా క్యూలు కిలోమీటర్లు సాగాయి, కొన్నిచోట్ల ఆ క్యూల్ని అదుపు చేయడానికి బడి పంతుళ్ళకి డ్యూటీలు వేశారు. తర్వాత దుబ్బాక, జీహెచ్ఎంసీ, పంచాయతీలు, తిరుపతి, నాగార్జునసాగర్, ఒకటి పోతే ఒకటి ఎన్నికలు. ఫలానా పార్టీ అని కాదు, మైకు దొరికిన ప్రతివాడూ మాస్కు కిందకి లాగే మాట్లాడాడు. రెండో వేవ్ తరుముకొస్తుంటే 2021 ఏప్రిల్ 14న హాలియాలో సాగర్ ఉప ఎన్నిక సభ పెట్టారు. ఆ సభలో మాట్లాడిన తెలంగాణ ముఖ్యమంత్రికే 19న పాజిటివ్ వచ్చింది. అయినా ఏప్రిల్ 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకి పోలింగ్ ఆగలేదు. సభలో వేలమందికి లేని రోగం, బండి మీద ఒక్కడే పోతున్న కుర్రాడికి ఉంటుందని తెలంగాణలో వెయ్యి రూపాయల చలానా రాశారు. వెయ్యి అంటే కూలికెళ్ళేవాడికి రెండు మూడు రోజుల కష్టం.

మాస్కు పేరుతో మన దగ్గర జరిగిన మూడు సంగతులు నేను ఈ జన్మలో మర్చిపోలేను. 2020 జూన్‌లో నెల్లూరు టూరిజం ఆఫీసులో, మాస్కు పెట్టుకోండి సార్ అన్నందుకు ఒక అధికారి తన కింద పనిచేసే వికలాంగురాలైన ఉద్యోగినిని జుట్టు పట్టి లాగి కొట్టాడు, ఆ సీసీ కెమెరా వీడియో దేశమంతా చూసింది. జూలైలో చీరాలలో మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని ఇంట్లోవాళ్ళు, జీపులోంచి దూకాడని పోలీసులు. అంతకుముందు నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు సుధాకర్, డ్యూటీ చేసేవాళ్ళకి ఎన్-95 మాస్కులు ఇవ్వట్లేదని బయటికి చెప్పినందుకు ఏప్రిల్‌లో సస్పెండయ్యారు. మే నెలలో ఆయన్ని విశాఖలో నడిరోడ్డు మీద చేతులు వెనక్కి విరిచి కట్టి తీసుకెళ్ళారు, హైకోర్టు సీబీఐ విచారణ వేసింది. మరుసటి ఏడాది మేలో గుండెపోటుతో పోయారు. చూడండి, పెట్టుకోమని అడిగినామె తన్నులు తింది, పెట్టుకోనివాడు ప్రాణమే పోగొట్టుకున్నాడు, మాస్కులు ఇవ్వండి అన్నాయన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఎవరు ఎవర్ని అనొచ్చు, ఎవరు పడాలి అన్నదే నడిచింది ఇక్కడ, రోగం సంగతి ఎవడిక్కావాలి.

అందుకే కూలీల్ని, తోపుడుబండ్లవాళ్ళని నేనేమీ అనను. రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10 మించకూడదని కేంద్రం 2020 మార్చిలో రేటు కట్టింది, ఆ రేటుకి దొరికింది ఎక్కడ? రోహిణి కార్తె ఎండలో కాంక్రీటు మోసేవాడు ముక్కు మూసుకుని ఎలా పనిచేస్తాడు? వాళ్ళు తువ్వాలో, చీర కొంగో అడ్డం పెట్టుకుని చేతనైనంత చేశారు. నా కోపం అన్నీ తెలిసిన, అన్నీ కొనుక్కోగలిగిన మన బాపతు మీద.

ఆ బాపతు ఎలా ఉంటుందో మా చుట్టాల పెళ్ళిలో చూశాను. 2020 శ్రావణం, ఆంధ్రాలో రోజుకి 10,000 కేసులు వస్తున్న రోజులు. తహసీల్దారు దగ్గర 50 మందికని పర్మిషన్ తీసుకున్నారు. గేటు దగ్గర పన్నీరు చల్లాల్సిన చోట ఇద్దరు ఆడపిల్లలు పట్టు లంగాల్లో నిలబడి శానిటైజరు కొడుతున్నారు, వెండి పళ్ళెంలో మాస్కులు పెట్టారు, పెళ్ళికూతురికి చీర అంచుతో కుట్టించిన మ్యాచింగ్ మాస్కు. చూడటానికి ముచ్చటగానే ఉంది. లోపలికెళ్తే బంతి లేస్తుంటే బంతి కూర్చుంటోంది. 50 అంటే బంతికి 50 అని మావాళ్ళ లెక్క అన్నమాట. స్టేజీ ఎక్కిన ప్రతివాళ్ళనీ ఫొటోగ్రాఫరు "సార్ మాస్కు తీయండి, ఫేస్ రావట్లేదు, మేడమ్ కొంచెం దగ్గరికి జరగండి" అని అదిలిస్తున్నాడు. ఆ రోజు హాల్లో అందరూ మాట విన్నది ఆయనొక్కడిదే.

నేను ఎన్-95 పెట్టుకుని కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. పెద్దనాన్న చూశారు. నేరుగా వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, "ఏరా, నేను నీకు పరాయివాణ్ణయ్యానా? మూతికి ఆ గుడ్డేంటి?" అన్నారు. "మీకు షుగరుంది కదా పెద్దనాన్నా, మీ కోసమే" అన్నాను. "నాకేం కాదులే, మనవాళ్ళే కదా అంతా" అన్నారు. అటు పక్క నుంచి అత్తయ్య "వాడికి భయం ఎక్కువలే అన్నయ్యా, హైదరాబాద్‌లో ఉంటాడుగా" అని నవ్వింది. మా అమ్మ నా వైపు చూసిన చూపుకి అర్థం ఏంటంటే, తీసేయ్, నలుగురూ ఏమనుకుంటారు అని. తీయలేదు. భోజనం ప్యాక్ చేయించుకుని వచ్చేశాను. పెళ్ళికెళ్ళి అన్నం తినకుండా వచ్చాడన్న మాట ఇప్పటికీ పడుతున్నాను. వారం తిరిగేసరికి వరసగా ఇళ్ళల్లో జ్వరాలు. ఫోన్ చేసి అడిగితే ఒకరికి డస్ట్ అలర్జీ, ఒకరికి ఏసీ పడలేదు, ఒకరికి పెళ్ళిలో ఐస్‌క్రీమ్ పడలేదు. అందరికీ అన్నీ వచ్చాయి గానీ కరోనా మాత్రం ఎవరికీ రాలేదు, ఎందుకంటే టెస్టు ఎవరూ చేయించుకోలేదు. ఎందుకు చేయించుకుంటారు? ఇంటి ముందు రిబ్బను కడతారు, వీధి అంతా చూస్తుంది, కూతురి సంబంధం చెడుతుంది. దూరం పెట్టడం ఎంత బాగా వచ్చో చెప్పాను కదా, అది మన దాకా వస్తుందనేసరికి దాచుకోవడం కూడా అంత బాగానే వచ్చింది.

2021 మే వచ్చేసరికి ఊళ్ళల్లో దానికి టైఫాయిడ్ అని పేరు పెట్టుకున్నారు. "టైఫాయిడ్ అటండీ, సెలైన్లు ఎక్కిస్తున్నారు" అనడం, పది రోజులకి సీటీ స్కాన్ తీయించడం, ఊపిరితిత్తులు దెబ్బతిన్న స్కోరు 25కి 18 అనడం, ఆక్సిజన్ బెడ్డు కోసం ఊరంతా ఫోన్లు. ఆ నెలలోనే కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేలమంది ఒకరి వీపుకి ఒకరు అతుక్కుని నిలబడ్డారు, ఆ మందు దేని కోసమో తెలిసి కూడా. హైదరాబాద్‌లో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టి పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు ఇస్తే రోజంతా చేసే షాపింగు ఆ నాలుగ్గంటల్లో కుక్కారు. జనాన్ని పలచన చేయాల్సిన రూలు జనాన్ని పిండి చేసింది. ఇది మాత్రం ప్రభుత్వం తప్పే.

"పెట్టుకున్నోడికీ వచ్చింది" అనేవాళ్ళకి రెండు విషయాలు చెప్తాను, నచ్చితే వినండి. ఒకటి మన ఇంటిదే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది రోగుల నుంచి ఎవరెవరికి సోకిందో కాంటాక్టుల్ని వెతికి లెక్క తీసి 2020లో 'సైన్స్' అనే పరిశోధనల పత్రికలో వేశారు. అలా ఆరా తీసినవాళ్ళలో 71 శాతం మంది నుంచి ఒక్కరికీ సోకినట్టు కనపడలేదు, కొద్దిమంది నుంచే చాలామందికి పాకింది. బయట తగిలినవాళ్ళ కంటే ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకే ముప్పు ఎక్కువ. అంటే రోడ్డు మీద ఎదురైన ప్రతి మనిషినీ చూసి ఉలిక్కిపడాల్సిన పని లేదు, తలుపులేసిన ఒక్క హాలు, ఒక్క విందు చాలు. రెండోది బంగ్లాదేశ్‌ది. 600 ఊళ్ళల్లో, దాదాపు 3,40,000 మంది మీద పరీక్షించి చూశారు. సగం ఊళ్ళల్లో మాస్కులు ఉచితంగా ఇచ్చి, పెద్దమనుషులూ ఇమాములూ ముందు తాము పెట్టుకుని, పెట్టుకోనివాళ్ళకి నెమ్మదిగా గుర్తుచేశారు. 13 శాతం ఉన్న మాస్కుల వాడకం 42కి వెళ్ళింది. లక్షణాలుండి రక్తపరీక్షలో తేలిన కేసులు దాదాపు 9 శాతం తగ్గాయి, సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్ళల్లో 60 దాటినవాళ్ళకి మూడో వంతు దాకా తగ్గాయి. సగం మంది కూడా పెట్టుకోకుండానే ఇంత. అద్భుతమేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ 60 దాటినవాళ్ళలో మన పెద్దనాన్నలు, పిన్నులు ఉంటారు కదా. మాస్కు పెట్టుకుంటే ఇక రాదని ఎవరన్నారు అసలు? హెల్మెట్ పెట్టుకున్నవాడూ పడతాడు.

బంగ్లాదేశ్‌లో నాకు నచ్చింది ఆ పెద్దమనుషుల సంగతి. మా పెద్దనాన్న ఆ రోజు హాల్లో మాస్కు పెట్టుకుని కూర్చుని ఉంటే, ఆయన్ని చూసి యాభై మంది పెట్టుకునేవాళ్ళు, చలానా అక్కర్లేదు. ఆయన మాటకి మా వంశంలో అంత విలువుంది. ఆ విలువంతా నా మాస్కు తీయించడానికే వాడారు.

ఇప్పుడు మా ఇంట్లో గృహప్రవేశం పెట్టుకున్నాం. పత్రిక అడుగున "జలుబు, జ్వరం ఉన్నవారు దయచేసి మరో రోజు రాగలరు, భోజనం బాకీ" అని వేయిస్తానన్నాను. శుభమా అని శుభలేఖ మీద రోగాల పేర్లేంటని అమ్మ, చుట్టాల్ని రావొద్దన్నట్టుంటుందని నాన్న, పోనీ వాట్సాప్‌లో పెడదాం అని మా చెల్లి. ప్రింటింగు వాడు ఫైనల్ మ్యాటర్ అడుగుతున్నాడు, ఇంకా తేలలేదు.