గురువుగారు టీకొట్టు నుంచి పర్యవేక్షిస్తున్నారు

గ్యాస్ మెకానిక్ కావాలంటే అనుభవం ఉండాలి. అనుభవం రావాలంటే ఎవరో ఒకరు పొయ్యి మీద చెయ్యి వెయ్యనివ్వాలి. వెయ్యనిచ్చే ముందు "ఎన్నేళ్ల అనుభవం అబ్బయా?" అని అడుగుతారు. ఈ చిక్కుముడిని మన నెల్లూరు ఏనాడో విప్పేసింది. కుర్రాడి చేతికి పనిముట్ల సంచీ ఇచ్చి, గురువుగారి బండి వెనక ఎక్కిస్తారు. కొన్నాళ్లకు వాడికి సంచీ బరువెంతో, గురువుగారి టీలో చక్కెరెంతో పక్కాగా తెలిసిపోతాయి. దాన్నే 'పర్యవేక్షణలో అనుభవం' అని రాసి సంతకం పెట్టేస్తారు.

ఇంగ్లండు వాళ్లకు ఈ తెలివి లేదు. అక్కడ 2009 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అని ఒకటుంది. అందులో పేరు లేనివాడు కూలి తీసుకుని గ్యాస్ పని ముట్టుకుంటే కేసే. నేర్చుకునేవాడు పేరున్న ఇంజనీరు కళ్ల ముందు చేసిన పనులన్నీ ఫొటోలతో సహా కాగితం మీద పెట్టి, సంతకాలు చేయించుకుని చూపించాలి. మరి ఆ ఇంజనీరు టీ ఎప్పుడు తాగుతాడో పాపం!

మన శిష్యుడికి స్వేచ్ఛ ఎక్కువ. సంతపేటలో ఒకింట్లో గ్యాస్ వాసన వస్తోందనుకోండి. గురువుగారు వీధి చివర నుంచే ఫోన్లో "వాషర్ చూడ్రా" అంటారు. రెగ్యులేటర్ ఆపి, ఊడదీసి, సిలిండర్ వాల్వు లోపలికి చూస్తే నల్ల రబ్బరు రింగు కనబడాలి. అది చిట్లినా, గట్టిపడినా, అసలు లేకపోయినా రెగ్యులేటర్ పెట్టగానే పక్కనుంచి గ్యాస్ తన్నుకొస్తుంది. కొత్త రింగు వేసి, రెగ్యులేటర్ బిగించి, తెరిచి, చుట్టూ సబ్బునీళ్లు పూయాలి. ట్యూబు రెండు కొసల దగ్గరా పూయాలి. బుడగ లేస్తే ఇంకా కారుతున్నట్టే. పక్కన నిలబడి ఉంటే గురువుగారు ఇదంతా చెప్పేవారే. లేరు గనక శిష్యుడు సొంత పరీక్ష చేస్తాడు, అగ్గిపుల్లతో. ఫలితం సబ్బునీళ్ల కన్నా చాలా వేగంగా తెలుస్తుంది. (ఇంకొందరు మర్యాదస్తులు "ఫ్యాన్ వేసెయ్యక్కా, వాసన పోద్ది" అంటారు. ఎల్పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. తలుపులూ కిటికీలూ తీసి, స్విచ్చిల జోలికి పోకుండా గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చెయ్యమనడంలో హీరోయిజం ఏముంది?)

రెండో పాఠం పిన్నీసు. మంట పసుపుగా ఉంది, గిన్నె అడుగు మసి పడుతోంది. కారణం గ్యాసులో గాలి సరిగా కలవకపోవడం. బర్నర్ విప్పి, గాలి పీల్చుకునే గొట్టంలో చేరిన సాలెగూడూ నూనె మడ్డీ తీసేస్తే సగం స్టవ్వులు అక్కడే నయమవుతాయి. శిష్యుడు నేరుగా గ్యాస్ చిమ్మే ఇత్తడి జెట్టులో పిన్నీసు పెట్టి గెలుకుతాడు. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదవుతుంది. గ్యాస్ ఎక్కువొస్తుంది, గాలి చాలదు, మంట ఇంకా పసుపెక్కుతుంది. మర్నాడు అదే ఇంటికి మళ్లీ పోవాలి. అనుభవం రెట్టింపు!

అసలు పట్టాభిషేకం మెస్సు వంటింట్లో జరుగుతుంది. 19 కిలోల సిలిండర్లు వరసగా పెట్టి, కొత్త పైపులైను వేశారు. గ్యాస్ వదిలే ముందు పైపులో గాలి నింపి, వాల్వు మూసి, ఒత్తిడి చూపే గేజి ముల్లు దిగుతుందేమో, అంటే ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ముల్లు కదల్లేదు. గురువుగారికి వాట్సాప్‌లో ఫొటో పోయింది, బొటనవేలి బొమ్మ తిరిగొచ్చింది. గేజిని పైపు నుంచి ఊడదీసినా ముల్లు అక్కడే ఉందన్న సంగతి ఎవరూ గమనించలేదు. పంపు కొట్టేటప్పుడు సున్నా నుంచి లేచిందా, గాలి వదిలితే సున్నాకి దిగిందా అని చూస్తేనే కదా గేజి బతికుందని తెలిసేది! అలా చూడాలంటే మనిషి అక్కడ ఉండాలి.

కాబట్టి అనుభవం రాసే పుస్తకంలో ఒక గడి పెంచాలని ప్రతిపాదన: 'పని జరిగినప్పుడు గురువుగారి దూరం'. చెయ్యి చాస్తే అందేంత అయితే పూర్తి మార్కులు. వీధి చివర అయితే సగం. కావలి ఊళ్లో ఏదో పెళ్లిలో ఉంటే ఆ పని అనుభవం కింద కాదు, అదృష్టం కింద రాయాలి. పరీక్ష రోజున సంతకాలు లెక్కపెట్టడం మాని, పసుపు మంట స్టవ్వు ఒకటి ముందు పెట్టండి. శిష్యుడు బర్నర్ విప్పకుండా పిన్నీసు కోసం జేబులో చెయ్యి పెట్టాడా, వాడిని ఇంటికి పంపి, సంతకం పెట్టిన గురువుగారిని ఆ స్టవ్వు ముందు కూర్చోబెట్టండి.