వెనిగర్‌కు వెంట్రుక కరగదు

మెషీన్‌లో అరకప్పు వెనిగర్, రెండు చెంచాల వంటసోడా వేస్తే బట్టలకు అంటుకున్న వెంట్రుకలు కరిగిపోతాయని, మిగిలినవి రెండోసారి ఉతికితే పోతాయని, అప్పటికీ పోకపోతే వేడిగాలి డ్రయ్యర్ కొనక తప్పదని చెప్పే సందేశం ఒకటి నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపులలో తిరుగుతోంది. ఈ మూడు మాటలలో ఒక్కటీ నిలవదు.

వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడినది. ఆ ప్రోటీన్‌ను గంధకపు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉండేదే సుమారు 5 శాతం, అదీ మెషీన్ నీళ్లలో కలిసి మరింత పలచబడుతుంది. వెంట్రుకను నిజంగా కరిగించగలిగేది కాస్టిక్ సోడా వంటి ఘాటైన క్షారం. కానీ పట్టు, ఉన్ని కూడా ప్రోటీన్ పోగులే కనుక అది వాటినీ తినేస్తుంది. ఇక వెనిగర్‌ను, వంటసోడాను కలిపి వేయమనడం మరీ విడ్డూరం, ఎందుకంటే ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని సోడియం ఎసిటేట్ అనే లవణాన్ని, నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ను మిగులుస్తాయి. బుసబుస పొంగే ఆ నురగను చూసే జనం నమ్ముతున్నారు కాబోలు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో చివరి జాడింపు నీటిలో కాస్త వెనిగర్ కలిపితే సబ్బు పొర వదిలి బట్ట మెత్తబడవచ్చు, అంతవరకే.

రెండోసారి ఉతకడం వల్ల ఒక్కోసారి ఎదురు నష్టమే జరుగుతుంది. వెంట్రుక మీద కుదురు నుంచి కొన వైపు వాలిన సన్నని పొలుసులు ఉంటాయి; రాపిడి తగిలినప్పుడల్లా అది ఒకే దిశలో నేతలోకి జరుగుతుందే గాని సులువుగా వెనక్కి రాదు. పైగా నీళ్లు దిగిపోయేటప్పుడు కుక్కిన బట్టలే వడగట్టే గుడ్డలా మారి, తేలుతున్న వెంట్రుకలను తమ మీదే నిలుపుకుంటాయి. రేవులో పారే నీటిలో జాడించిన బట్టకు ఈ బాధ లేదు. అందువల్ల టబ్బును మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. దుప్పట్లు, తలగడ గలీబులు విడిగా ఉతకాలి. టాప్ లోడ్ మెషీన్‌లోని జాలీ సంచిని, ఫ్రంట్ లోడ్‌కు కింది మూలన ఉండే ఫిల్టర్‌ను తరచూ శుభ్రం చేయాలి.

డ్రయ్యర్‌లోనూ వెంట్రుకను లాగేది వేడి కాదు, ఆరుతున్న బట్ట దొర్లుతుండగా దాని గుండా పోయి జాలీని చేరే గాలి. దండెం మీద పూర్తిగా ఆరిన బట్టను రెండు కొసలు పట్టుకుని గాలివాటున గట్టిగా విదిలిస్తే ఆ పనిలో చాలావరకు జరుగుతుంది. తడి బట్టను విదిలిస్తే నీటి పొర వెంట్రుకను అంటిపెట్టుకునే ఉంచుతుంది. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల వానల్లో బట్టలు ఫ్యాను కిందే ఆరవలసిన రోజుల్లో, ఉతకడానికి ముందే పొడి బట్టను కొద్దిగా తడిపిన రబ్బరు గ్లవ్‌తో ఒకే దిశలో తుడవడం మేలు. వెంకటగిరి జరీ చీరల మీద మాత్రం రబ్బరు, జిగురు టేపు వాడకూడదు. జరీ పోగు లేచిపోకుండా మెత్తని బ్రష్‌తో తేలికగా దులిపితే చాలు.