నడిబొడ్డున 36 అంతస్తులు: ప్లానర్‌కీ ఇంజనీరుకీ మధ్య వాదం

ప్రతిపాదన ఇది. ఆఫీసులూ దుకాణాలూ కిక్కిరిసిన నగరం నడిబొడ్డున, పాత గోదాములున్న హెక్టారు స్థలం. అందులో 36 అంతస్తుల నివాస టవరు, 112 మీటర్ల ఎత్తు, 320 ఫ్లాట్లు. కింద మూడు సెల్లార్లు, 400 కార్లకు చోటు. ముందు మెయిన్ రోడ్డు, వెనక 9 మీటర్ల సందు, ఆ సందుకు అవతల ఏనాటివో మూడంతస్తుల ఇళ్లు. కట్టాలనే పక్షాన ఒక నగర ప్లానర్. వద్దనే పక్షాన ఆమె కంటే వయసులో పెద్దవాడైన ఇంజనీరు.

ఇలాంటి వాదాల్లో అందరి చూపూ పై అంతస్తుల మీదే ఉంటుంది. చెడేవి మాత్రం ఎక్కువగా నేల దగ్గరే చెడతాయి: గేటు దగ్గర, సెల్లార్ గోతిలో, పంపు గదిలో. అందుకే ఆ భాగానికే ఎక్కువ చోటిచ్చాను.

ప్లానర్: ముందు ఒక్కటి ఒప్పుకోండి ఇంజనీరు గారూ. ఇక్కడ పగలు ఇసుక వేస్తే రాలదు, రాత్రి తొమ్మిదయ్యేసరికి షట్టర్లు దించేసి బోసిపోతుంది. పనికొచ్చేవాళ్లంతా ఊరి చివర నుంచి రోజూ వచ్చిపోతున్నారు. బస్సులున్నాయి, బడులున్నాయి, ఆసుపత్రులున్నాయి, ఇళ్లే లేవు. ఈ 320 కుటుంబాలకూ ఇక్కడ చోటివ్వకపోతే వాళ్లు ఎక్కడికో మాయమైపోరు. ఊరి చివర పొలాల్లో వేసిన లేఅవుట్‌లో ఇల్లు కొనుక్కుని, కారేసుకుని మళ్లీ ఈ చౌరస్తాకే వస్తారు.

ఇంజనీరు: ఇళ్లు వద్దని నేననలేదమ్మా, ఈ ఆకారం వద్దంటున్నాను. చౌరస్తా అన్నారు కాబట్టి అక్కడే మొదలుపెడదాం. గంటంతా పచ్చలైటే ఉంటే ఒక లేనులో దాదాపు 1800 కార్లు దాటతాయి. మనవైపు పచ్చలైటు నూటికి 40 వంతులే అనుకుంటే 720. పొద్దున రద్దీలో ఆ లేనుకు ఇప్పటికే 680 వస్తున్నాయనుకోండి. టవర్లో ఆ గంటలో మూడు ఫ్లాట్లకు ఒక కారు చొప్పున బయటికొచ్చినా వంద దాటతాయి. అందులో 60 ఈ లేను పట్టుకుంటే 740. దాటలేక మిగిలేవి 20, ఒక్కోదానికి ఆరు మీటర్లు, మొత్తం 120 మీటర్ల వరస. దాని తోక బస్టాపు దాకా వస్తే బస్సు పక్కకు రాలేక నడిరోడ్డు మీదే ఆగుతుంది. ఇక వెనకున్నవన్నీ ఆగినట్టే. నివేదికలో మాత్రం "తొమ్మిది శాతం లోపు పెరుగుదల" అని ఉంటుంది.

(ట్రాఫిక్ నివేదిక చేతికొస్తే ఎంత శాతం పెరిగిందన్నది పక్కన పెట్టి, లేను ఎంత నిండిందన్నది చూడండి. 90 శాతం దాటాక వచ్చే ప్రతి కారూ అంతకు ముందు కారు కంటే ఎక్కువ ఆలస్యం తెస్తుంది.)

ప్లానర్: ఆ వంద కార్లూ 400 చోట్లు కడుతున్నాం కాబట్టి వస్తున్నాయి. 160 చాలు, రెండు ఫ్లాట్లకు ఒకటి. చోటును ఫ్లాటుతో కలిపి అమ్మకూడదు, కావలసినవాళ్లు విడిగా అద్దెకు తీసుకోవాలి. అమెరికాలో బఫలో నగరం కొత్త కట్టడాలకు ఇన్ని పార్కింగ్ చోట్లుండి తీరాలన్న నిబంధననే 2017లో ఎత్తేసింది. చోటు దొరకని దగ్గర కారు కొనేముందు మనిషి ఆలోచిస్తాడు.

ఇంజనీరు: లేదా కొనేసి వెనక సందులో పెడతాడు. 9 మీటర్ల సందులో రెండు వైపులా కార్లుంటే మధ్యలో మిగిలేది ఐదు మీటర్లు. ఫైరింజన్ అందులో దూరుతుంది. కానీ నిచ్చెన బండి దూరితే చాలదు, నిలబడాలి కదా. బండి ఒరిగిపోకుండా రెండు పక్కలా ఉక్కు కాళ్లు చాపడానికి ఐదారు మీటర్లు కావాలి. కాళ్లు పూర్తిగా చాపలేని బండి నిచ్చెనను పూర్తిగా లేపలేదు.

ప్లానర్: అయితే సందులో పార్కింగ్ పూర్తిగా నిషేధం. బోర్డు పెట్టి ఊరుకోకుండా ఫుట్‌పాత్ అంచున పొట్టి ఇనుప స్తంభాలు (బొల్లార్డులు) పాతాలి. ఇల్లు ఖాళీ చేసేవాళ్ల లారీలకు, సరుకులు తెచ్చే బండ్లకు ఆవరణ లోపలే రెండు చోట్లుండాలి. ఇది నేను ముందే అడగాల్సింది, షరతుల్లో చేరుస్తాను.

ఇంజనీరు: చేర్చండి. ఇప్పుడు గొయ్యి చూద్దాం. నాకు నిద్రపట్టనిది దాని గురించే. మూడు సెల్లార్లంటే 11 మీటర్ల లోతు. 4,000 చదరపు మీటర్ల మేర తవ్వితే 44,000 ఘనపు మీటర్ల మట్టి. తవ్వాక అది నాలుగోవంతు ఉబ్బి 55,000 అవుతుంది. టిప్పర్‌కు 14 చొప్పున దాదాపు 4,000 ట్రిప్పులు. రాత్రికి 40 అనుకున్నా వంద రాత్రులు.

ప్లానర్: 160 కార్లకు రెండు సెల్లార్లు చాలు. మూడోది పోతే లోతూ ట్రిప్పులూ మూడోవంతు తగ్గుతాయి.

ఇంజనీరు: తగ్గుతాయి, మంచిదే. అయినా ఏడు మీటర్లు తవ్వాలి. గోతిలో పని జరగాలంటే నీళ్లు తోడాలి. గోతిలో తోడితే పక్కింటి కింద కూడా భూగర్భజలం దిగుతుంది. నీళ్లు దిగిన బంకమట్టి కుంచించుకుపోతుంది, దాని మీద లోతులేని రాతి పునాదితో నిలబడ్డ ఇల్లు ఒక మూల కుంగుతుంది. బీట కిటికీ మూల నుంచి ఏటవాలుగా మొదలవుతుంది. అప్పుడు బిల్డర్ "ఇది పాత బీటే" అంటాడు. ఇంటాయన కాదంటాడు. ఎవరి దగ్గరా రుజువుండదు.

ప్లానర్: రుజువు ముందే తయారు చేసుకోవచ్చు. తవ్వకానికి ముందే సందులోని ప్రతి గోడనూ ఫొటో తీయించి, ఇంటివాళ్ల సంతకంతో ఇద్దరి దగ్గరా చెరో ప్రతి పెట్టాలి. ఉన్న ప్రతి బీట మీదా అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికించి, దాని పక్కనే తేదీ రాయాలి. గోడ కదిలితే గాజు పగులుతుంది, దానికి పక్షపాతం లేదు. నీటిమట్టం చూసే గొట్టపుబావులు సందులో నాలుగు ఉండాలి. గోతి చుట్టూ నీళ్లు దూరని కాంక్రీటు గోడ (డయాఫ్రమ్ వాల్) ముందు భూమిలోకి దిగాలి, ఆ తర్వాతే తవ్వకం.

ఇంజనీరు: కొలతలు తీయడం ఒక్కటే చాలదు, ఏ అంకె దగ్గర పని ఆగాలో ముందే రాసుండాలి. సింగపూర్ నికోల్ హైవే పక్కన 2004లో మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అక్కడ కొలిచే పరికరాలున్నాయి. గోడ అనుకున్నదానికంటే ఎక్కువ వంగుతోందని అవి చెబుతూనే ఉన్నాయి. పని ఆగలేదు. గోడల మధ్య అడ్డంగా బిగించే ఉక్కు దూలాల అతుకులు లొంగిపోయాయి. 2009లో షాంఘైలో 13 అంతస్తుల కొత్త భవనం చెట్టు కూలినట్టు పక్కకు ఒరిగిపోయింది. ఒకవైపు సెల్లార్‌కు గొయ్యి తీశారు, తీసిన మట్టిని రెండోవైపు దాదాపు పది మీటర్ల ఎత్తున గుట్ట పోశారు. మట్టి ఒత్తిడికి కింద పైల్స్, అంటే భూమిలోకి దింపిన పునాది స్తంభాలు, విరిగాయి. మీ స్థలంలో తీసిన మట్టి ఏ రాత్రిదా రాత్రే పోవాలి, సందువైపు ఒక్క తట్ట కూడా పోయకూడదు.

ప్లానర్: ఒప్పుకుంటున్నాను. గోడ వంపు ఇన్ని మిల్లీమీటర్లు దాటితే పని ఆపే అధికారం బిల్డర్ జీతమిచ్చే ఇంజనీరుకు కాకుండా బయటి ఇంజనీరుకు ఉండాలి.

ఇంజనీరు: సరే, నిప్పు సంగతికి వద్దాం. మామూలుగా ఉండే నిచ్చెన బండి 30 మీటర్ల చిల్లర అందుకుంటుంది, అంటే పదో అంతస్తు వరకు. ఆపైన 26 అంతస్తులకు బయటి నుంచి సాయం లేదు, భవనమే తనను తాను కాపాడుకోవాలి. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017లో 72 మంది చనిపోయారు.

ప్లానర్: అక్కడ 24 అంతస్తులకూ మెట్లదారి ఒకటే. గోడలకు బయట తొడిగిన అల్యూమినియం పలకల మధ్య ఉన్నది పాలిథిన్. మంట ఆ తొడుగు పట్టుకుని పైకి పాకింది. మా నక్షాలో దూరదూరంగా రెండు మెట్లదారులున్నాయి, తొడుగులో మండే సరుకు లేదు, ప్రతి ఫ్లాట్‌లో మంట వేడికి వాటంతటవే తెరుచుకుని నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లున్నాయి. ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల భవనం. 1991లో 22వ అంతస్తులో అంటుకున్న మంట పైకి పాకుతూ పోయి 30వ అంతస్తు దగ్గర ఆగింది. స్ప్రింక్లర్లున్నది అక్కడే. పది తెరుచుకున్నాయి, మంట ఆగింది.

ఇంజనీరు: ఆ భవనం పేరు నేనే ఎత్తబోతున్నాను. అక్కడ ముగ్గురు ఫైర్ సిబ్బంది ప్రాణాలు పోయాయి. వాళ్ల గొట్టాల్లో నీళ్లు సరిపడా రాలేదు. లెక్క చూడండి. పది మీటర్ల నీటికి ఒక బార్ ఒత్తిడి. మీ టవర్ పైకి నీళ్లెక్కడానికే 11 బార్, పైన గొట్టం పట్టినవాడికి మూడున్నర, పైపులో రాపిడికి ఒకటి, అన్నీ కలిపి పంపు 16 బార్ దాకా తోయాలి. అదే పైపుకు మొదటి అంతస్తులో గొట్టం తగిలిస్తే ఆ ఒత్తిడికి మనిషి నిలవలేడు. అందుకని కింది అంతస్తుల్లో ఒత్తిడి తగ్గించే వాల్వులు పెడతారు. ఏ అంతస్తు వాల్వును ఆ అంతస్తుకు తగ్గట్టు బిగించాలి. మెరిడియన్‌లో వాటిని మరీ తక్కువకు బిగించారు. నీళ్లున్నాయి, పైపుంది, వాల్వుంది, మంట దాకా మాత్రం చేరలేదు.

ప్లానర్: పరీక్షించకుండా వదిలేసినందువల్ల జరిగింది అది. ఎత్తు చేసిన తప్పు కాదు.

ఇంజనీరు: ఎత్తు పెరిగేకొద్దీ పరీక్షించాల్సినవి పెరుగుతాయి, ఆ పరీక్షలు చేసేది మనుషులే. పంపు గదిలోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. పైపులో ఎక్కడో సన్నగా కారుతుంటే ఒత్తిడి నిలబెట్టే చిన్న పంపు పది నిమిషాలకోసారి తిరుగుతూ ఉంటుంది. చప్పుడు భరించలేక ఎవరో స్విచ్చిని "ఆటో" నుంచి "మాన్యువల్"కి తిప్పేస్తారు. ఇక నిప్పంటుకున్నా పెద్ద పంపు దానంతటది లేవదు. డీజిల్ పంపు ఉంటుంది, దాని బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయి ఉంటుంది. మెట్లదారిలోకి పొగ రాకుండా ఫ్యాన్లు 50 పాస్కల్ ఒత్తిడితో గాలి నింపాలి. ఉక్కపోస్తోందని రెండు అంతస్తుల్లో తలుపు కింద ఇటుక పెడితే ఆ గాలంతా అక్కడే బయటికి పోతుంది, పొగ లోపలికి వస్తుంది. మీ నక్షాలో ఇటుక కనపడదమ్మా.

ప్లానర్: నెలకోసారి పంపు తిప్పి, చూపిన ఒత్తిడిని లిఫ్టు పక్కన బోర్డు మీద రాయిస్తే కనపడుతుంది. తలుపులకు అలారం సెన్సర్లుంటాయి, అర నిమిషం తెరిచి ఉంటే కంట్రోల్ గదిలో మోగుతుంది.

ఇంజనీరు: గాలి గురించి క్లుప్తంగా చెబుతాను. ఎత్తైన గోడకు తగిలిన గాలి కిందికి దిగి ఫుట్‌పాత్ మీద వడి అందుకుంటుంది. ఇంగ్లండ్‌లో లీడ్స్ నగరంలో బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ దగ్గర 2011లో ఆ గాలికి లారీ బోల్తాపడి పాదచారి చనిపోయాడు. దాని ఎత్తు కూడా ఇంచుమించు మీ టవరంతే. తర్వాత రోడ్డు మీదే గాలిని అడ్డే పెద్ద పలకలు కట్టాల్సి వచ్చింది.

ప్లానర్: దీనికి విండ్ టన్నెల్ పరీక్ష ఉంది, భవనం నమూనా మీదికి గాలి తోలి చూస్తారు. కింద నాలుగంతస్తుల ఎత్తున వెడల్పాటి దిమ్మె కట్టి, టవరును దాని అంచు నుంచి లోపలికి జరిపితే దిగివచ్చే గాలి ఆ దిమ్మె కప్పు మీదే చెదిరిపోతుంది. మురుగునీటి లెక్క కూడా నేనే చెబుతాను. 1,280 మంది, తలకు 150 లీటర్లు, రోజుకు 1,92,000 లీటర్లు. అందులో నూటికి ఎనభై డ్రైనేజీకి పోతాయి. పొద్దున సెకనుకు ఐదు లీటర్లు. 200 మిల్లీమీటర్ల పైపు వాలు బాగుంటే నిండుగా 20 మోస్తుంది. ఇప్పటికే 17 పారుతుంటే పల్లపు మ్యాన్‌హోల్ పొంగుతుంది. అందుకే ఆవరణలో నిలవ ట్యాంకు కట్టి, రాత్రి పదకొండు తర్వాత వదలాలి.

ఇంజనీరు: ఇన్ని మందులు అవసరమైన రోగం తెచ్చుకోవడం ఎందుకన్నదే నా ప్రశ్న. మీ టవరు స్థలంలో పదోవంతు మీద 36 అంతస్తులు. అరవై శాతం మీద ఆరంతస్తులు కట్టినా వచ్చే విస్తీర్ణం అంతే, లెక్క వేసుకోండి. బార్సిలోనాలో సెర్దా అనే ఇంజనీరు 1859లో గీసిన ఎషాంప్లా అనే పేటలో చదరపు బ్లాకు భుజం 113 మీటర్లు, దాదాపు మన హెక్టారే. చుట్టూ ఇళ్లు, మధ్యలో పెరడు. నిచ్చెన అందుతుంది, పెద్ద పంపు ఒత్తిడి అక్కర్లేదు, గాలి దిగదు.

ప్లానర్: కాగితం మీద సరిపోతుంది. స్థలంలో పెట్టి చూడండి. అరవై శాతం కప్పితే మీ గోడ సందు అంచునే లేస్తుంది. 19 మీటర్ల గోడ, వంద మీటర్ల పొడవున, ఆ మూడంతస్తుల ఇళ్ల ముందు. టవరు నీడ పొడవే గానీ సన్నం, ఒక ఇంటి మీద నుంచి త్వరగానే జరిగిపోతుంది. మీ గోడ నీడ కదలదు. మూలల్లో ఉన్న ఫ్లాట్లకు వెలుతురెక్కడిది?

ఇంజనీరు: నాలుగు వైపులా 9 మీటర్లు వదలండి. 18 మీటర్ల మందంతో ఇళ్ల వరస కడితే కప్పేది 4,600 చదరపు మీటర్లు, మధ్య పెరడు 46 మీటర్ల చదరం. ఎనిమిది అంతస్తులు కావాలి, 25 మీటర్లు. ఇంకా నిచ్చెనకు అందుతుంది.

ప్లానర్: ఎనిమిది... మూలల ఫ్లాట్లు వదిలేసి అక్కడ మెట్లూ లిఫ్టులూ పెడితే తొమ్మిదవుతాయి. అయినా ఆలోచించదగ్గదే. ఒప్పుకున్నానని కాదు. టవరైతే నేల మీద చోటు ఎక్కువ మిగులుతుంది, మెయిన్ రోడ్డు నుంచి సందులోకి జనం నడిచిపోయే దారి ఇవ్వొచ్చు.

ఇంజనీరు: దారికి గేటు పెట్టరని రాయించగలరా? సరే, అదలా ఉంచండి. ఇరవై ఐదేళ్ల తర్వాత సంగతేమిటి? లిఫ్టులన్నీ ఒకేసారి ముసలివవుతాయి. ఫ్లోరిడా సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల భవనం 2021లో కూలి 98 మంది చనిపోయారు. ఈతకొలను డెక్కు మీద నీళ్లు నిలుస్తున్నాయనీ, కాంక్రీటు పాడవుతోందనీ 2018లోనే ఇంజనీరు రాసిచ్చాడు. ఖర్చు ఎవరు ఎంత పెట్టాలన్న దగ్గర ఏళ్లు గడిచాయి. 320 మంది యజమానుల్లో సగం మంది అద్దెకిచ్చేసి ఎక్కడో ఉంటారు, మీటింగుకు ఎవరొస్తారు?

ప్లానర్: మరమ్మతు నిధి మొదటి నెల నుంచే విడి ఖాతాలో పడాలి, తొలి వాటా బిల్డర్‌ది. ఓటింగుతో ఆపలేని ఖర్చుల జాబితా దస్తావేజులోనే ఉండాలి: వాటర్‌ప్రూఫింగ్, పంపులు, లిఫ్టులు.

ఇంజనీరు: ఇంకోటి చేర్చండి. నివాస అనుమతి ఇచ్చే రోజు మెయిన్ కరెంటు తీసేసి, డీజిల్ పంపు ఒక్కదానితో పై అంతస్తు గొట్టంలో మూడున్నర బార్ చూపించాలి. ప్రతి అంతస్తు వాల్వు అంకె ఆ రోజే కాగితం మీదికెక్కాలి. గేజి మాత్రం బిల్డర్‌ది కాకూడదు.

ప్లానర్: రాస్తున్నాను. మీ ఎనిమిదంతస్తుల నక్షాకు కూడా తవ్వకం ట్రిప్పులు, నీడ, పంపు, లిఫ్టుల లెక్క వేసి పంపండి. టవరు పక్కన పెట్టి రెండూ సందులోని ఇళ్లవాళ్లకు చూపిస్తాను.

ఇంజనీరు: శుక్రవారానికి పంపుతాను. గాజుపట్టీలు మాత్రం ఏ నక్షా గెలిచినా ముందు అతికించాలి.