రెండేళ్ల కాల్ చిట్టాకు కాపలా ఎవరు?

వీపీఎన్ వేసుకుంటే గవర్నమెంటుకు మన వివరాలు దొరకవు కదండీ? బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కొంత దొరకదు, చాలావరకు దొరుకుతుంది. మీరు ఏ వెబ్‌సైట్ చూశారన్నది నెట్ కంపెనీకి కనబడకుండా వీపీఎన్ అడ్డం పడుతుంది, అంతే. ఫోను ఏ టవర్ కింద ఉంది, మామూలు కాల్ ఎవరికి వెళ్లింది, ఎన్ని సెకన్లు మాట్లాడారు అన్నవి వీపీఎన్‌తో సంబంధం లేకుండా ఫోను కంపెనీ చిట్టాకు ఎక్కుతూనే ఉంటాయి. సిమ్ మార్చినా లాభం లేదు, ఆ చిట్టాలో, అంటే సీడీఆర్‌లో, నంబరు పక్కనే హ్యాండ్‌సెట్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ కూడా పడుతుంది.

మరి కాల్, నెట్ వివరాలు దాచి ఉంచమనే ఈ చట్టాల నుంచి ఎవరూ తప్పించుకోలేరా అంటే, భేషుగ్గా తప్పించుకోగలరు. కష్టపడి నేర్చుకున్నవాడూ, డబ్బు పెట్టగలిగినవాడూ తప్పించుకుంటారు. కాల్, ఇంటర్నెట్ రికార్డులు ఏడాది ఉంచితే చాలన్న లైసెన్సు నిబంధనను టెలికాం శాఖ 2021 డిసెంబరులో కనీసం రెండేళ్లకు పెంచింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇంకో ఆదేశం ఇచ్చి, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రసులు, వాళ్లకిచ్చిన ఐపీలు (నెట్ చిరునామాలు) ఐదేళ్లు దాచాలంది. ఏమైంది? ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటివి మన దేశంలోని సర్వర్లు ఎత్తేసి బయటి నుంచి అదే వ్యాపారం నడుపుకుంటున్నాయి. ఆస్ట్రేలియాలోనూ 2015లో రికార్డులు రెండేళ్లు దాచాలన్న చట్టం వచ్చింది. విదేశీ యాప్‌లలో మాట్లాడుకుంటే ఆ చట్టం కిందికి రాదని, బిల్లు తెచ్చిన కమ్యూనికేషన్ల మంత్రి మాల్కమ్ టర్న్‌బులే ఇంటర్వ్యూలో వివరించి చెప్పారు.

మన దగ్గర సైబర్ మోసగాళ్లకైతే అంత తెలివి కూడా అక్కర్లేదు. రోడ్డు పక్క గొడుగు కింద ఎవరో అమాయకుడు వేలిముద్ర వేసి తీసుకున్న సిమ్, అతనికి తెలియకుండా అదే వేలిముద్రతో తీసిన రెండో సిమ్, అది చాలు వాళ్లకి. మోసం జరిగాక రికార్డు తీస్తే ఆ అమాయకుడి పేరే వస్తుంది.

రికార్డు అబద్ధం చెప్పదని నమ్మేవాళ్లకు మన ఊళ్లోనే జరిగిన సంగతి ఒకటి గుర్తు చేస్తాం. 2007 ఆగస్టులో, ఆర్కుట్ అనే అప్పటి సోషల్ సైట్‌లో ఛత్రపతి శివాజీని కించపరిచారన్న కేసులో పుణె పోలీసులు బెంగళూరు వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పట్టుకుపోయారు. నెట్ కంపెనీ ఇచ్చిన ఐపీ వివరాలు తప్పు. ఆ తప్పు తేలేసరికి అతను దాదాపు 50 రోజులు జైల్లో ఉన్నాడు. ఇవాళ ఒకే ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది మొబైల్ కస్టమర్లు పంచుకుంటున్నారు, వాళ్లను వేరుచేసే పోర్టు నంబరో, సెకనో కాస్త అటూఇటూ అయితే పోలీసులు ఇంకొకరి తలుపు తడతారు.

కాల్‌లో మాటలు రికార్డు కావు కదా, నంబర్లే కదా అని తేలిగ్గా తీసేసేవాళ్లూ ఉన్నారు. ఒక అమ్మాయిని ఊహించుకోండి. శుక్రవారం సాయంత్రం ఒక గైనకాలజీ క్లినిక్‌కి కాల్, 3 నిమిషాలు. వెంటనే అనంతపురంలో అమ్మకి, 41 నిమిషాలు. తర్వాత ఒక అబ్బాయి నంబరుకి ఆరుసార్లు, ఆరూ ఎత్తలేదు. రాత్రి ఫోను హెబ్బాళ టవర్ దాటింది, చిక్కబళ్లాపుర, బాగేపల్లి, పెనుకొండ మీదుగా తెల్లారేసరికి అనంతపురం చేరింది. ఒక్క మాట వినకుండానే ఆ పిల్ల బతుకంతా కళ్ల ముందు పరిచినట్టు లేదూ? జర్మనీ గ్రీన్ పార్టీ నేత మాల్టే స్పిట్జ్ తన ఆరు నెలల రికార్డు కంపెనీ నుంచి రాబట్టి 2011లో జనం ముందు పెడితే అందులో 35,830 వరసలున్నాయి, ఆయన ఏ రైల్లో ఎటు వెళ్లారో, ఎక్కడ నిద్రపోయారో కూడా అందులో తెలిసిపోయింది.

ఆ అమ్మాయి రికార్డు తెప్పించుకోవడానికి జడ్జి సంతకం అక్కర్లేదు, ఎస్పీ స్థాయి అధికారి ఉత్తరం చాలు. మా అసలు భయం ఇక్కడే. 2013లో అరుణ్ జైట్లీ అంతటి నేత కాల్ రికార్డులే ఢిల్లీలో అక్రమంగా తెప్పించారని ఒక కానిస్టేబుల్ సహా కొందరు అరెస్టయ్యారు. 2018లో ఠాణేలో, ప్రైవేటు డిటెక్టివ్‌లు సీడీఆర్‌లు కొని అమ్ముతున్నారని పోలీసులే కేసు పెట్టారు. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ మన పాఠకులకు కొత్త కాదు. కంచే చేను మేస్తుంటే చేనుగలవాడికి తెలిసే దారే లేదు.

సీడీఆర్ వద్దని మేము అనడం లేదు. తప్పిపోయిన పిల్లల్ని వెతకడానికి, హత్య కేసుల్లో పోలీసులకు అది చాలా ముఖ్యం. కానీ కేసున్నవాడి రికార్డు వేరు, కేసులేని కోట్లమంది రికార్డు రెండేళ్లు పోగేయడం వేరు. ఇలా అందరివీ గంపగుత్తగా దాచమన్న ఐరోపా ఆదేశాన్ని ఐరోపా న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న కొట్టేసింది. మనకూ దారి చూపించిన పెద్దమనిషి ఈ ఊరివాడే. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ల వయసులో సుప్రీంకోర్టుకు ఎక్కారు, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ప్రభుత్వం చొరబడాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు.

అందుకే పార్లమెంటును మేము అడిగేది ఇది. గడువు మళ్లీ ఏడాదికి తగ్గించండి. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం తప్ప, సీడీఆర్‌కి మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి చేయండి. దర్యాప్తు ముగిశాక ఫలానా తేదీన, ఫలానా అధికారి మీ రికార్డు తెప్పించుకున్నారని ఆ ఫోను యజమానికి రాతపూర్వకంగా తెలియజేయండి.